పిల్లల పేగుల్లో బ్యాక్టీరియా, ఈస్ట్: ఎక్కడ నిజంగా జబ్బు, ఎక్కడ కాదు

వానాకాలం మొదలైందంటే హైదరాబాద్‌లో పసిపిల్లలున్న ఇళ్లలో ఒక వరస కనిపిస్తుంది. ముందు జలుబు, దగ్గు, రెండు రోజుల జ్వరం. కంగారుపడి యాంటీబయాటిక్ సిరప్ మొదలుపెడతారు. మూడో రోజుకల్లా నీళ్ల విరేచనాలు, డైపర్ కింద ఎర్రగా కమిలిన చర్మం. ఆపై వారం నోట్లో తెల్లటి పూత. అప్పటికి ఎవరో ఒకరు "కడుపులో ఈస్ట్ పెరిగింది" అంటారు. ఫోన్‌లో వెతికితే చక్కెర మాన్పించమని ఒకరు, గోధుమ మాన్పించమని ఇంకొకరు, ఫంగస్‌ను చంపే యాంటీఫంగల్ మందుల కోర్సు వాడమని మరొకరు చెబుతారు. వీటిలో కొంత నిజం ఉంది, చాలావరకు అపోహ. రెండూ పెనవేసుకుపోవడం వల్లే తల్లిదండ్రులకు దారి తోచడం లేదు.

అసలు విషయం ముందే చెప్పుకుందాం. ఈస్ట్ అంటే కంటికి కనిపించని ఒక రకం ఫంగస్. పిల్లల పేగుల్లో అది ఉండటం జబ్బు కాదు. అది పెరిగిన సందర్భాల్లో కూడా ఎక్కువసార్లు అది కారణం కాదు, ఫలితం. దాన్ని అదుపులో ఉంచే బ్యాక్టీరియా దెబ్బతిన్నందుకే అది తలెత్తుతుంది. అందుకే ఈస్ట్‌ను చంపే మందు వెతికే ముందు బ్యాక్టీరియాకు ఏమైందో చూడాలి.

పేగుల్లో ఏం జరుగుతుంది

పెద్ద మనిషి ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయని అంచనా. అందులో దాదాపు అన్నీ పెద్దపేగులోనే ఉంటాయి. ఈస్ట్‌లు, ఇతర ఫంగస్‌లు కలిపినా ఆ జనాభాలో 1 శాతం కూడా ఉండవు. ఈస్ట్‌లలో మనం ఎక్కువగా వినేది క్యాండిడా ఆల్బికాన్స్. ఆరోగ్యంగా తిరుగుతున్న పిల్లల నోట్లోనూ పేగుల్లోనూ ఇది మామూలుగానే ఉంటుంది. అందుకే మల పరీక్షలో "ఈస్ట్ సెల్స్ కనిపించాయి" అని రాసి ఉన్నంత మాత్రాన అది చికిత్స చేయాల్సిన సంగతి అయిపోదు.

సీట్లన్నీ నిండిన సిటీ బస్సులో కొత్తగా ఎక్కినవాడికి కూర్చునే చోటు దొరకనట్టే, పేగు గోడ మీద బ్యాక్టీరియా కిక్కిరిసి ఉన్నంతకాలం క్యాండిడాకు చోటు దొరకదు. చోటు ఒక్కటే కాదు. బ్యాక్టీరియా మన ఆహారంలోని పీచును పులియబెట్టి ఎసిటిక్, బ్యూటిరిక్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. క్యాండిడాకు రెండు రూపాలున్నాయి. గుండ్రటి రూపం సాధువు. పొడవాటి పోగుల్లా సాగే రూపం కణాల్లోకి చొచ్చుకుపోతుంది. ఈ ఆమ్లాలు దాన్ని గుండ్రటి రూపంలోనే ఉంచడానికి తోడ్పడతాయి. వీటికి తోడు పేగు గోడలోని రోగనిరోధక కణాలు ఈస్ట్‌ను కనిపెట్టుకుని ఉంటాయి. ఈ మూడు కాపలాల్లో ఒకటి సడలినా మిగతా రెండు చాలావరకు కాస్తాయి. రెండు మూడు ఒకేసారి పడిపోతేనే చిక్కు.

యాంటీబయాటిక్ వాడితే మొదటి రెండు కాపలాలూ పడిపోతాయి. అమాక్సిసిలిన్ లాంటి మందు బ్యాక్టీరియా కణం చుట్టూ ఉండే గోడను కట్టనివ్వదు. ఈస్ట్ గోడ వేరే పదార్థంతో తయారవుతుంది కాబట్టి దానికి ఆ మందు తగలదు. బ్యాక్టీరియా తగ్గుతుంది, ఈస్ట్ అలాగే ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడే చోటు ఉంది. యాంటీబయాటిక్ వాడేటప్పుడు వచ్చే విరేచనాలు ఈస్ట్ వల్లే వస్తున్నాయనుకుంటారు. ఎక్కువ భాగం కాదు. రోజూ పెద్దపేగులో పిండిపదార్థాల మిగులును పులియబెట్టే బ్యాక్టీరియా లేకపోవడంతో అది అరగకుండా నిలిచి, నీటిని తన వైపు లాక్కుంటుంది. అమాక్సిసిలిన్‌తో కలిపి ఇచ్చే క్లావ్యులనేట్ పేగుల కదలికను కూడా పెంచుతుంది. అందుకే ఆ సిరప్‌తో మోషన్స్ ఎక్కువ. ఈ విరేచనాలకు యాంటీఫంగల్ మందు వేస్తే ఒరిగేదేమీ లేదు.

మొదటి మూడేళ్లు

పుట్టినప్పుడు ఇంచుమించు ఖాళీగా ఉండే పేగులు పెద్దవాళ్ల పేగుల్లా స్థిరపడటానికి సుమారు మూడేళ్లు పడుతుంది. తల్లిపాలలో బిడ్డ తనంతట తాను అరిగించుకోలేని ఒక రకం చక్కెరలు ఉంటాయి. అవి బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగుల్లోని బిఫిడోబ్యాక్టీరియా కోసం. తల్లిపాలు తాగే పిల్లల పేగుల్లో ఈ బ్యాక్టీరియాదే పైచేయి. ఆ కారణంగానే వాళ్ల మలం కొంచెం పుల్లటి వాసన వేస్తుంది, పల్చగా పసుపుగా ఉంటుంది. రోజుకు ఆరేడుసార్లు వెళ్లినా, నాలుగైదు రోజులకోసారి మెత్తగా వెళ్లినా, బరువు పెరుగుతుంటే అది మామూలే.

ఏడాదిలోపు పిల్లల పేగుల్లో ఈ కాపలా ఇంకా గట్టిపడి ఉండదు. పుట్టగానే బిడ్డకు తేనె నాకించే అలవాటు ప్రమాదకరం కావడానికి కారణం ఇదే. తేనెలో క్లాస్ట్రీడియమ్ బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో వాటికి మొలకెత్తే చోటు దొరకదు. పసిబిడ్డ పేగుల్లో దొరుకుతుంది, మొలకెత్తి నరాలను స్తంభింపజేసే విషం వదులుతాయి. తేనెను కాచినా ఆ బీజాలు చావవు. ఏడాది నిండేదాకా ఒక్క చుక్క కూడా వద్దు. వసకొమ్ము అరగదీసి నాకించడం, ఉగ్గుగిన్నెతో నీళ్లు పట్టడం కూడా ఆరు నెలలలోపు మానాలి. అరగదీసే రాయి, గిన్నె ముక్కు లోపలి భాగం ఎంత కడిగినా శుభ్రం కావు. పెద్దలు ప్రేమతోనే చేస్తారు, కానీ విరేచనాలు తెచ్చే క్రిములు వెళ్లేది ఆ దారినే.

ఈస్ట్ నిజంగా జబ్బు అయ్యే చోట్లు

ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఈస్ట్ జబ్బు కనిపించే చోట్లు ముఖ్యంగా రెండే: నోరు, డైపర్ కప్పే భాగం. రెండూ కంటికి కనిపించేవే, ఖరీదైన పరీక్షలు అక్కర్లేదు.

నోటి పూతను పాల పాచితో పొరబడటం చాలా మామూలు. పాల పాచి నాలుక మీదే ఉంటుంది, తడి గుడ్డతో తుడిస్తే పోతుంది. క్యాండిడా పూత బుగ్గల లోపల, పెదవుల వెనక, అంగిట్లో కూడా పెరుగు గడ్డల్లా అంటుకుని ఉంటుంది. తుడిస్తే ఊడదు, గట్టిగా రుద్దితే కింద ఎర్రగా కనిపిస్తుంది, ఒక్కోసారి రక్తం చిమ్ముతుంది. దీనికి మన దగ్గర ఎక్కువగా రాసేది 1 శాతం క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్. డాక్టర్ చెప్పిన లెక్కన, సాధారణంగా రోజుకు మూడు నాలుగుసార్లు, పాలు పట్టిన తర్వాత, కడిగిన వేలితో లేదా దూదితో బుగ్గల లోపల రాయాలి. పాలకు ముందు రాస్తే మందు పాలతో కొట్టుకుపోతుంది. తెలుపు పోయిన వెంటనే ఆపేస్తే వారంలో మళ్లీ వస్తుంది, కనీసం ఇంకో రెండు రోజులు కొనసాగించాలి. మైకొనజోల్ జెల్ నాలుగు నెలలలోపు పిల్లలకు వాడకూడదు, చిక్కగా ఉండి గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది.

మందు సరిగ్గా వాడినా పూత తిరగబెడుతుంటే కారణం చాలాసార్లు తల్లి చనుమొనలో ఉంటుంది. పాలు పట్టేటప్పుడు, పట్టాక మంట, చనుమొన మెరుస్తూ గులాబీ రంగులో ఉండటం దాని గుర్తులు. తల్లీబిడ్డలిద్దరికీ ఒకేసారి మందు వాడకపోతే ఈస్ట్ ఒకరి నుంచి మరొకరికి తిరుగుతూనే ఉంటుంది. సీసా పీకలను, ప్యాసిఫైయర్లను రోజూ మరిగించాలి. పాలు మాత్రం మాన్పించక్కర్లేదు.

డైపర్ దద్దుర్లలో తేడా చర్మపు మడతల్లో తెలుస్తుంది. తడి, మలం వల్ల వచ్చే మామూలు కమిలింపు డైపర్ ఒరుసుకునే ఎత్తైన భాగాల మీద ఉంటుంది, తొడల మడతలను వదిలేస్తుంది. క్యాండిడా మడతల్లోకే దిగుతుంది. ముదురు ఎరుపు మచ్చ, దాని అంచు దాటి బయట చిన్న చిన్న ఎర్రటి పొక్కులు విడివిడిగా కనిపిస్తే అది ఈస్టే అనుకోవచ్చు. 1 శాతం క్లోట్రిమజోల్ క్రీమ్ పల్చగా రోజుకు రెండు మూడుసార్లు, దాని మీద జింక్ ఆక్సైడ్ క్రీమ్ మందంగా. వైప్స్ మానేసి గోరువెచ్చని నీళ్లతో కడిగి, అద్ది ఆరనివ్వాలి. రోజులో కొన్ని గంటలు డైపర్ లేకుండా వదిలేయడం కూడా చాలా మేలు చేస్తుంది. ఉక్కపోత రోజుల్లో రాత్రంతా ఒకే డైపర్ ఉంచడమే చాలా ఇళ్లలో దీనికి మొదలు.

మెడికల్ షాపులో అడిగితే స్టెరాయిడ్, యాంటీబయాటిక్, యాంటీఫంగల్ మూడూ కలిపిన ట్యూబ్ చేతికి రావచ్చు. ట్యూబ్ మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ అనే పేర్లుంటే పసిపిల్లల డైపర్ భాగంలో రాయకండి. రెండు రోజుల్లో ఎరుపు తగ్గినట్టే కనిపిస్తుంది. కానీ డైపర్ కింద చర్మం ఆ స్టెరాయిడ్‌ను ఎన్నో రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది, పల్చబడిపోతుంది, ఫంగస్ కింద కింద పాకుతుంది.

ఏడాది దాటిన పిల్లల్లో నోటి పూత పదే పదే వస్తుంటే మాత్రం కారణం వెతకాలి. ఆస్తమాకు స్టెరాయిడ్ ఇన్హేలర్ వాడే పిల్లలైతే స్పేసర్ (ఇన్హేలర్‌కు తగిలించే గొట్టం) లేకుండా పీల్చడం, తర్వాత నోరు పుక్కిలించకపోవడం కారణం కావచ్చు. అదేమీ లేకుంటే రోగనిరోధక లోపం ఉందేమో డాక్టర్ చూడాలి. డైపర్ మానేసిన అమ్మాయికి జననాంగం దగ్గర ఈస్ట్ తిరగబెడుతూ, దాహం, మూత్రం ఎక్కువై, బరువు తగ్గుతుంటే ఆ రోజే రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి. టైప్ 1 డయాబెటిస్ ఇలా బయటపడిన సందర్భాలున్నాయి. వారం ఆగుదాం అనుకునే విషయం కాదిది.

ఈస్ట్ రక్తంలోకి వెళ్లి ప్రాణాపాయం తెచ్చేది నెలలు నిండకుండా పుట్టి ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉన్న పిల్లల్లో, కీమోథెరపీ తీసుకునేవాళ్లలో, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసిన గొట్టం) ఉన్నవాళ్లలో. అది ఆస్పత్రిలో తేల్చే వ్యవహారం.

ఈస్ట్ పేరు మోస్తున్న వేరే జబ్బులు

మలద్వారం దగ్గర రాత్రిపూట దురద అనగానే ఈస్ట్ అనేస్తారు. అది ఎక్కువగా నులిపురుగులు. నిద్రపోయిన గంట రెండు గంటలకు టార్చ్ వేసి చూస్తే తెల్లటి దారప్పోగుల్లాంటివి కదులుతూ కనిపిస్తాయి. ఆల్బెండజోల్‌తో పోతాయి, అయితే రెండు వారాలకు రెండో మోతాదు వేయాలి, ఇంట్లో మిగతావాళ్లూ డాక్టర్‌ను అడిగి వేసుకోవాలి. మలద్వారం చుట్టూ నిండు ఎరుపు వలయం, మలం వెళ్లేటప్పుడు నొప్పి ఉంటే స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా కావచ్చు. దానికి కావాల్సింది యాంటీబయాటికే. యాంటీఫంగల్ క్రీమ్ ఎన్ని వారాలు రాసినా తగ్గదు.

గట్టిగా విరేచనాలై తగ్గిన తర్వాత పాలు తాగగానే నురగతో, పుల్లటి వాసనతో మోషన్ వెళ్లి, చుట్టూ చర్మం ఒరిసిపోతే అది తాత్కాలిక లాక్టోజ్ సమస్య, అంటే పాలలోని చక్కెర అరగకపోవడం. పేగు లోపలి పొర మళ్లీ పెరిగేదాకా, సాధారణంగా రెండు వారాలు, సీసా పాలు తగ్గించి పెరుగు పెడితే సరిపోతుంది. తల్లిపాలు ఆపకూడదు. ఏడాది నుంచి నాలుగైదేళ్ల పిల్లలు హుషారుగా ఆడుకుంటూ, బరువు పెరుగుతూ, రోజుకు నాలుగైదుసార్లు బఠానీ, క్యారెట్ ముక్కలు కనిపించే పల్చటి మలం వెళ్తుంటే, ప్యాకెట్ జ్యూస్ ఆపి చూడండి. ఏడాదిలోపు జ్యూస్ అసలు వద్దు. మూడేళ్లలోపు రోజుకు 120 మి.లీ. దాటకూడదు. అన్నంలో నెయ్యి కొంచెం పెంచితే కూడా ఈ పిల్లలకు మేలు.

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది మలబద్ధకం. లోదుస్తుల్లో కొద్దికొద్దిగా పల్చటి మలం అంటుతుంటే విరేచనాలనుకుని ప్రోబయాటిక్ (మేలు చేసే బతికున్న సూక్ష్మజీవుల మందు) ఇస్తారు. నిజానికి లోపల గట్టి మలం ముద్దగా అడ్డుపడి, దాని పక్కనుంచి నీళ్ల మలం జారుతుంది. పిల్లవాడికి తెలియకుండానే జారుతుంది గనుక తిట్టకూడదు. వారానికి మూడుసార్ల కంటే తక్కువ వెళ్లడం, కమోడ్ మూసుకుపోయేంత లావు మలం, కాళ్లు ముడుచుకుని నిలబడి ఆపుకోవడం గుర్తులు. ఆపుకునేవాళ్లలో కడుపుబ్బరం, గ్యాస్, ఆకలి మందగించడం, చిరాకు అన్నీ ఉంటాయి. "ఈస్ట్ పెరిగిన లక్షణాలు" అంటూ ప్రచారమయ్యే జాబితా సరిగ్గా ఇదే. దీనికి మలాన్ని మెత్తబరిచే పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడితో ముందు పేరుకున్నది ఖాళీ చేసి, తర్వాత నెలల తరబడి తక్కువ మోతాదు కొనసాగిస్తారు. వారంలో తగ్గిందని ఆపేస్తే సాగిపోయిన పేగు తిరిగి బిగుసుకోకముందే మలం మళ్లీ పేరుకుంటుంది.

ప్రోబయాటిక్: ఏది, ఎంత, ఎప్పుడు

ప్రోబయాటిక్ అనేది ఒకే మందు కాదు. ఏ జాతి, అందులో ఏ రకం, ఎన్ని కణాలు అన్నదాన్ని బట్టి పని మారుతుంది. యాంటీబయాటిక్‌తో వచ్చే విరేచనాలను నివారించడానికి యూరప్ పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం ఎస్పెగన్ 2023లో సూచించినవి రెండే: సాకరోమైసిస్ బొలార్డీ, ల్యాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ. మోతాదు రోజుకు 500 కోట్ల కణాలకు తగ్గకూడదు. యాంటీబయాటిక్ మొదలైన రోజే మొదలుపెట్టాలి. మోషన్స్ పట్టుకున్నాక నాలుగో రోజు మొదలుపెట్టి ఫలితం లేదంటే అది మందు తప్పు కాదు. సాచెట్ మీద "ప్రోబయాటిక్ బ్లెండ్" అని తప్ప రకం పేరు, కణాల సంఖ్య లేకపోతే డబ్బు దండగ.

ఇందులో సాకరోమైసిస్ బొలార్డీ స్వయంగా ఈస్ట్. అయినా క్యాండిడా కాదు, పేగుల్లో కాపురం పెట్టదు, ఆపిన కొద్ది రోజుల్లో వెళ్లిపోతుంది. ఈస్ట్ అంతా చెడ్డదే అయితే ఈస్ట్‌నే మందుగా ఇవ్వడం కుదిరేది కాదు. యాంటీబయాటిక్ దీన్ని చంపదు గనుక రెండూ దగ్గరదగ్గరగా వేసినా ఫర్వాలేదు. బ్యాక్టీరియా రకమైతే కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఫ్లూకొనజోల్ లాంటి యాంటీఫంగల్ వాడుతుంటే మాత్రం బొలార్డీ దండగ, ఆ మందు దీన్ని చంపేస్తుంది. వేడి పాలలో కలిపినా చస్తుంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గిన పిల్లలకు, సెంట్రల్ లైన్ ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు, వాళ్ల మంచం పక్కన సాచెట్ విప్పకూడదు.

విరేచనాలు మొదలయ్యాక ప్రాణం కాపాడేది ప్రోబయాటిక్ కాదు, ఓఆర్ఎస్. లీటరు నీటిలో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం. ఆ లెక్క తప్పి చక్కెర ఎక్కువైతే పేగు నీటిని పీల్చుకోవడం పోయి బయటికి తోస్తుంది, విరేచనాలు పెరుగుతాయి. ఓఆర్ఎస్ పేరుతో టెట్రా ప్యాక్‌లలో అమ్మిన తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చదివి కొనండి. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీటిలో ఒకేసారి కలిపి 24 గంటల్లో వాడాలి. మోషన్ వెళ్లిన ప్రతిసారీ రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మి.లీ., ఆపై వయసు వాళ్లకు 100 నుంచి 200 మి.లీ. చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. దీనితోపాటు జింక్ 14 రోజులు: ఆరు నెలలలోపు 10 మి.గ్రా., ఆపైన 20 మి.గ్రా. మోషన్స్ మూడో రోజుకే తగ్గినా జింక్ ఆపొద్దు.

తిండి

రోజూ బ్యాక్టీరియాను పోషించేది పీచు. రెండేళ్లు దాటిన పిల్లలకు వయసుకు 5 కలిపితే వచ్చేన్ని గ్రాములు రోజుకు కనీసం కావాలి, అంటే నాలుగేళ్ల పిల్లవాడికి 9 గ్రాములు. 100 గ్రాముల తెల్లన్నంలో సుమారు 1 గ్రాము కూడా కష్టం. అదే ఒక మోస్తరు జామకాయలో 5 గ్రాములు దొరుకుతుంది. పెరుగన్నం, బిస్కెట్లు, పాలతో గడిపేసే పిల్లలకు ఈ లెక్క ఎప్పటికీ పూర్తి కాదు. ముద్దపప్పు, తోటకూర, జొన్నరొట్టె, రాగిజావ, పొట్టు తీయని పెసలు వారంలో తిరుగుతూ ఉండాలి. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం వస్తుంది. రెండు వారాల్లో మెల్లగా పెంచాలి, నీళ్లు కూడా పెంచాలి. పాలు రోజుకు 500 మి.లీ. దాటితే ఆకలి చస్తుంది, ఐరన్ తగ్గుతుంది, మలబద్ధకం మొదలవుతుంది.

పెరుగు మంచిదే. తోడు పెట్టిన ఇంటి పెరుగులో ఏ రకాలు ఎన్ని ఉన్నాయో ఇంటింటికీ మారుతుంది కాబట్టి మందులా లెక్కగట్టలేం, ఆహారంగా రోజూ పెట్టొచ్చు. మజ్జిగచారుగా మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది. ఇడ్లీ పిండి పులిసేటప్పుడు కోట్లాది బ్యాక్టీరియా, ఈస్ట్‌లు రెండూ పనిచేస్తాయి. ఆవిరి పట్టాక అవి బతకవు, కానీ అవి సగం అరిగించి పెట్టిన పిండి పిల్లలకు తేలిగ్గా ఒంటపడుతుంది. పులిసిన ఆహారంలో ఈస్ట్ ఉందని ఇడ్లీ, దోసె మాన్పించడంలో అర్థం లేదు. చద్దన్నం విషయంలో ఒక జాగ్రత్త. అన్నం వార్చాక గంటల తరబడి ఊరికే వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ పెరిగి వాంతులు తెస్తుంది. చల్లారగానే నీళ్లు, కొంచెం పెరుగు కలిపితే ఆమ్లం త్వరగా పెరిగి దాన్ని అణుస్తుంది. రెండేళ్లలోపు వాళ్లకు ఎండాకాలంలో బయట ఉంచిన చద్దన్నం పెట్టకపోవడమే మేలు.

ఆటిజం, యాంటీఫంగల్ కోర్సులు

ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు "క్యాండిడా వల్లే ఇదంతా" అని చెప్పి మూత్ర పరీక్షలు, నెలల తరబడి ఫ్లూకొనజోల్, చక్కెరా గోధుమా పాలూ లేని డైట్ అంటగడుతున్నారు. ఈస్ట్‌ను చంపితే ఆటిజం తగ్గుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. ఫ్లూకొనజోల్ దీర్ఘకాలం వాడితే కాలేయం మీద భారం పడుతుంది, మూర్ఛ మందులు కొన్నింటితో పొసగదు. తినేదే నాలుగు రకాలైన పిల్లవాడి నుంచి అందులో మూడు తీసేస్తే కాల్షియం, ప్రొటీన్, బరువు అన్నీ పడిపోతాయి. గ్లాసు నీళ్లలో ఉమ్మి, అది కింద పడిందా తేలిందా అని ఈస్ట్‌ను తేల్చే పరీక్షకు ఏ విలువా లేదు.

అయితే ఆ పిల్లల కడుపు బాధ మాత్రం నిజం. ఆటిజం ఉన్నవాళ్లలో మలబద్ధకం చాలా ఎక్కువ, నొప్పిని మాటల్లో చెప్పలేక తల కొట్టుకోవడం, నిద్రపోకపోవడం, బల్లకు పొట్ట ఆనించి ఒత్తుకోవడం చేస్తారు. మలబద్ధకానికి సరిగ్గా చికిత్స చేస్తే నిద్ర, ప్రవర్తన రెండూ తేలికపడటం కనిపిస్తుంది. ఆ మార్పు చూసి ఈస్ట్ డైట్ పనిచేసిందనుకునేవాళ్లూ ఉన్నారు.

ఆలస్యం చేయకూడనివి

మలంలో రక్తం, ఆకుపచ్చ వాంతి, ఆరేడు గంటలుగా మూత్రం లేకపోవడం, లోతుకుపోయిన కళ్లు, మత్తుగా పడుకోవడం ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. రెండు వారాలు దాటిన విరేచనాలు, నిద్ర లేపే విరేచనాలు, పెరగని బరువు ఉంటే పిల్లల జీర్ణకోశ నిపుణులకు చూపించాలి. పుట్టిన 48 గంటల్లో మొదటి మలం వెళ్లని చరిత్ర ఉన్న బిడ్డకు తర్వాత మలబద్ధకం వస్తే ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి. పేగులో నరాలు లేని హిర్ష్‌స్ప్రంగ్ జబ్బుకు అది ఆనవాలు. వెళ్లేటప్పుడు గత మూడు నెలల్లో వాడిన ప్రతి మందు సీసా, సాచెట్ ఒక సంచిలో వేసుకెళ్లండి. డైపర్‌లోని మలం ఫోటో, ఎత్తు బరువుల కార్డు కూడా తీసుకెళ్లండి. వాటితోనే డాక్టర్‌కు సగం సంగతి తెలిసిపోతుంది, అనవసర పరీక్షలూ తగ్గుతాయి.